పసుపు కింద పేరు

మా ఆయన కారు తాళం ముట్టుకోని ఆ ఏడాదిలో నేను మొక్కని దేవుడు లేడు, తిట్టని దేవుడూ లేడు. పెరట్లో రేకుల షెడ్డు కింద ఆ బండి గోనెపట్టాలు కప్పుకుని పడి ఉండేది. దాని ముందు నుంచే ఆయన నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళేవాడు, వచ్చేవాడు, ఒక్కసారి కూడా తల తిప్పి చూసేవాడు కాదు. మీసం రాకముందే క్లీనరుగా లారీ ఎక్కిన మనిషి. నరసన్నపేటలో పెళ్ళివారికి కారు కావాలన్నా, నొప్పులొచ్చిన ఆడమనిషిని శ్రీకాకుళం చేర్చాలన్నా ముందు మా గుమ్మంలోకే వచ్చేవారు. అలాంటి మనిషి రైసు మిల్లులో బస్తాలు మోసి, సాయంత్రం తవుడు కొట్టుకున్న తలతో ఇంటికొచ్చి, అరుగు మీద గోడకి చేరబడిపోయేవాడు.

"ఏటి మావా, కాసింత మాటాడు" అంటే, "ఏటి మాటాడమంటావే" అనేవాడు. అక్కడితో సరి. మళ్ళీ గోడే.

జరిగిందేమిటో చెబుతాను. మడపాం వంతెన దాటాక నడిరోడ్డు మీద ముందు టైరు పేలింది. ఊరూ పేరూ లేని ఆ టైరుని చవగ్గా వస్తోందని తెచ్చి వేయించింది ఆయనే. బండి రోడ్డు దిగి పొలంలోకి దూసుకుపోయి, ఒక పక్కకి ఒరిగి ఆగింది. ఎవరి ప్రాణమూ పోలేదు. వెనక సీట్లో మా పాప ఒక్కతే ఉంది. అద్దం పెంకు తగిలి నుదుటి మీద కుట్లు పడ్డాయి. నాట్లు వేస్తున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికి ఆయన పిల్లని రెండు చేతుల మీదా పట్టుకుని బురదలో నిలబడి, "నానే సంపేసినాను, నానే సంపేసినాను" అంటున్నాడట. పిల్ల బతికే ఉంది. ఏడుస్తోంది, నాన్నా నాన్నా అని పిలుస్తోంది. ఆయన చెవికి ఆ పిలుపు ఎక్కలేదు.

పాప నెల తిరక్కుండానే వీధిలో గెంతులేయడం మొదలుపెట్టింది. ఈయనే అక్కడే ఆ బురదలోనే ఉండిపోయాడు. దిష్టి తీయించమన్నారు, తీయించాను. తాయెత్తు కట్టించమన్నారు, కట్టించాను. పెద్దాసుపత్రిలో డాక్టరుకి చూపిస్తే నిద్రమాత్రలు రాశాడు. అవి మింగి నిద్రపోయేవాడు గానీ, నిద్రలో కూడా కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉండేది. ఆ కాలిని నా కాళ్ళ మధ్య అదిమి పట్టుకుని పడుకునేదాన్ని. నాకు నా మొగుడు కావాలి, అంతే. ఆ స్టీరింగు ముందు కూర్చుని, అడ్డమొచ్చిన ఆటోవాడిని బండబూతులు తిట్టి, వాడితోనే టీ తాగే మనిషి కావాలి.

ఒకనాడు అన్నం తింటూ, తల ఎత్తకుండా, ఆయనే ఒక టైర్ల కంపెనీ పేరు చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను, పాపం ఆ కంపెనీ మాకు చేసిన అపకారం ఏమీ లేదు.

"మా గురువు బండికి అయ్యే ఉండీవి. ఎన్ని ఘాటీలెక్కినా ఒక్కనాడు దగా సెయ్యనేదు. ఆ టైర్లు నాలుగూ ఏయిస్తే... సూస్తాను."

ఆ "సూస్తాను" అనే మాట కోసం నేను ఎన్నాళ్ళుగా కాచుకుని ఉన్నానో! గరిటె పక్కన పడేసి లేచి, ఎంగిలి చేత్తోనే మా మరిదికి ఫోన్ చేశాను. డబ్బు ఎక్కడ పుట్టించానని మాత్రం అడక్కండి, పుట్టించాను.

మరుసటి ఆదివారం మా మరిది బండిని శ్రీకాకుళం తోలుకెళ్ళాడు. మేమిద్దరం పాపని మా అత్తగారి దగ్గర వదిలి బస్సులో వెళ్ళాం. ఆయన తన సొంత బండిలో పక్క సీట్లో కూడా కూర్చోలేకపోయేవాడు. టైర్ల షాపు పెద్దదే. యజమాని నుదుట గంధం, మెడలో రుద్రాక్ష, మాట్లాడితే తేనె కారిపోయేది. అడిగిన కంపెనీ టైరు ఒకటి దొర్లించుకొచ్చి మా ముందు నిలబెట్టాడు. మా ఆయన గొంతుక్కూర్చుని, పక్కన అచ్చుపోసిన ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పేరంతా చదివాడు. చదివి, "ఇదే" అన్నాడు. ఆ ముఖంలో కాస్త వెలుగు చూసి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

"నాలుగూ బిగించడానికి కొంచెం టైము పడతాది అమ్మా" అన్నాడు షాపు యజమాని. "ఆదివారం పూట ఒచ్చినారు, అరసవల్లి ఎల్లి దరిశినం సేసుకొని రండి. మీరు ఒచ్చీసరికి బండి పెళ్ళికూతురునాగ ఉంటాది."

ఇంత మంచి మాట చెబితే కాదనేవాళ్ళు ఎవరు? మా మరిదితో సహా ముగ్గురం ఆటో ఎక్కి అరసవల్లి వెళ్ళాం. ఆదివారం జనం కదా, క్యూలో నిలబడి నిలబడి కాళ్ళు పీకాయి. తిరిగి వచ్చేసరికి నిజంగానే బండి పెళ్ళికూతురిలా ఉంది. నాలుగు టైర్లకీ మందంగా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందు బంతిపూల దండ కట్టి, ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయ పెట్టారు.

"మా షాపు పద్ధతి అమ్మా. కొత్త టైర్లు ఏసిన బండిని బోడిగా పంపం."

ఆ మనిషి కాళ్ళకి దండం పెట్టడమొక్కటే తక్కువ, అంత పొంగిపోయాను. గుడి నుంచి తెచ్చిన కుంకుమ నేనూ నాలుగు చక్రాలకీ అద్దాను. మా ఆయన ముందు చక్రాన్ని తాకి చేతిని కళ్ళకద్దుకున్నాడు. మా వైపు పసుపు పూసిన వస్తువుని గోకి చూసే ఆచారం ఎవరికీ లేదు. అది దానంతట అది రాలిపోవాలి గానీ చేత్తో తుడవకూడదు, తుడిస్తే కీడు. ఆ దొంగవెధవకి ఈ సంగతి మాకన్నా బాగా తెలుసు.

మా ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. స్టీరింగుని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఎక్కవే" అన్నాడు. నేనెక్కాను, మా మరిది వెనక ఎక్కాడు. నిమ్మకాయలు నలిగిన చప్పుడైంది. మడపాం వంతెన దగ్గరికొచ్చేసరికి నా గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన బండి నెమ్మది చేశాడు, ఆ పొలం వైపు ఒకసారి చూశాడు, గేరు మార్చి ముందుకి పోనిచ్చాడు. వెనక నుంచి మా మరిది "సెబాసన్నయ్యా!" అని అరిచాడు. నేనైతే నోట్లో చెంగు కుక్కుకుని ఏడ్చాను.

ఆ వారమంతా మా ఇంట్లో పండగే. మిల్లుకి రానని కబురు పంపేశాడు. మార్కెట్టుకీ బస్టాండుకీ కిరాయిలు తోలాడు. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని హారను కొట్టించాడు. రాత్రి కాలు కదపకుండా నిద్రపోయాడు. వారం తిరిగాక విజయనగరంలో ఉన్న మా అక్కగారింటికి వెళ్దామని తనే అన్నాడు. ముగ్గురం బయల్దేరాం. పాప వెనక సీట్లో కూర్చుంది.

రణస్థలం దగ్గరికి వచ్చేసరికి ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. ముందు ఏమీ కనపడక రోడ్డు పక్క టీకొట్టు దగ్గర ఆపాడు. పాపని చంకనెత్తుకుని కొట్లోకి పరిగెత్తాడు. నేను గొడుగు తెరుచుకుని దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంటూ కిందికి చూశాను. ముందు చక్రం మీద నుంచి పసుపు నీళ్ళు ధారకట్టి బురదలోకి పోతున్నాయి. పసుపు కరిగిన చోట నల్లగా అక్షరాలు తేలాయి. మొదటి అక్షరమే వేరు.

నాకు ఇంగ్లీషు పెద్దగా రాదు గానీ, ఆయన కూడబలుక్కుని చదివిన ఆ పేరులో మొదటి అక్షరమేదో తెలియనంత మొద్దుని కాదు. గొడుగు పడేసి నాలుగు చక్రాలూ తిరిగి చూశాను. నాలుగింటి మీదా అదే పేరు, ఎప్పుడూ విననిది. ఓలమ్మో, ఎంత పని చేశాడురా అని అక్కడే చక్రం పట్టుకుని కూలబడిపోయాను.

కొట్లో మా ఆయన పాప బిస్కెట్టుని టీలో ముంచి తనే తినేస్తూ ఏడిపిస్తున్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. చెప్పానా, ఆ నవ్వు ఇక్కడితో సరి. చెప్పలేదా, ఆ పిల్లనే మళ్ళీ వెనక సీట్లో వేసుకుని, లారీల మధ్య, ఈ టైర్ల మీద విజయనగరం దాకా. ముందు నుయ్యి వెనక గొయ్యి. వానలో తడుస్తూనే షాపు యజమానికి ఫోన్ చేశాను.

"ఆ కంపెనీ సరుకు నాలుగూ నేకపోనాయి అమ్మా" అన్నాడు, ఉప్పు లేదు పప్పు లేదు అన్నంత తేలిగ్గా. "ఇయ్యీ మంచియ్యే. కళ్ళు మూసుకొని తిరగండి."

"బాబూ, బండిలో నా గుంట, నా కూతురు కూకున్నాది. నీ పిల్లల మీద ఒట్టేసి సెప్పు, ఇయ్యి అంత గట్టియ్యేనా?"

వాడు దొంగ ఒట్టు వేసినా ఆ నిమిషంలో నమ్మేసి ఎక్కేద్దును. అంత దిక్కుమాలిన స్థితిలో ఉన్నాను. వాడు ఒట్టు వేయలేదు. ఫోను పెట్టేశాడు.

తల ఎత్తేసరికి మా ఆయన కొట్టు చూరు కింద నిలబడి నన్నే చూస్తున్నాడు. "ఏటే? ఏటైనాది?" అన్నాడు. నా కళ్ళు చక్రం మీదికి పోయాయి. ఆయన వానలోకి వచ్చి గొంతుక్కూర్చుని, మిగిలిన పసుపుని అరచేత్తో తుడిచి, పేరు చదివాడు. లేచి రెండో చక్రం దగ్గరికి వెళ్ళాడు. మూడోది, నాలుగోది. తిరిగొచ్చి తాళం నా చేతిలో పెట్టాడు.

"ఆడు దగా సేసినాడు మావా. తప్పు ఆడిది. నీది కాదు" అన్నాను.

"గుంటని మల్లీ ఎక్కించినాను" అన్నాడు.

పాపని భుజాన వేసుకుని, రోడ్డు దాటి, శ్రీకాకుళం వెళ్ళే బస్సు కోసం నిలబడ్డాడు. బండిని టీకొట్టు దగ్గరే వదిలేసి వచ్చాం. మరునాడు తెల్లారేసరికి ఆయన మిల్లుకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నుంచి కాలు మళ్ళీ బ్రేకు తొక్కడం మొదలుపెట్టింది.

మా మరిది వెళ్ళి బండిని మెల్లగా తోలుకొచ్చాడు. ఇద్దరం అటునుంచటే షాపుకి వెళ్ళాం. నేను ముందు బతిమాలాను. నిజం చెబుతున్నాను, సిగ్గు విడిచి చేతులు పట్టుకున్నాను. మా ఆయన సంగతి, పాప సంగతి, మొత్తం చెప్పుకున్నాను. వాడు గంధం బొట్టు సవరించుకుంటూ విన్నాడు.

"నిమ్మకాయలు తొక్కిసినాయమ్మా. పూజ అయిపోనాక సరుకు మీదే. పూజైన టైరు ఎనక్కి తీసుకుంటే దేవుడు ఒప్పుకుంటాడేటి?"

"దేవుడి పేరెత్తకు, నోరు పడిపోతాది!" అన్నాను. "నిమ్మకాయలు పెట్టిందీ నువ్వే, పసుపు పూసిందీ నువ్వే!"

"బేరం పాడవుతన్నాది, పక్కకి జరుగమ్మా. ఎవులికి సెప్పుకుంటావో సెప్పుకో."

చెప్పుకుంటే వినేవాళ్ళెవరు? స్టేషనుకి వెళ్తే, ఇది మా పని కాదు కోర్టుకి పొమ్మన్నారు. కోర్టు తేలేసరికి మా ఆయన మిల్లులోనే ముసలాడైపోతాడు. ఇంటికొచ్చి మంచం మీద పడి, ఆ యజమాని వంశాన్ని పేరుపేరునా తిట్టుకున్నాను. తిడుతూ తిడుతూ ఉండగా వాడి పసుపే నాకు దారి చూపించింది. ఆదివారం పొద్దున్నే బకెట్టూ పాత గుడ్డా పట్టుకుని మరిదితో మళ్ళీ శ్రీకాకుళం వెళ్ళాను.

షాపు ఎదురుగా రోడ్డు వార, నీళ్ళ బకెట్టు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పసుపు పూసుకున్న మొదటి కారు బయటికి రాగానే అడ్డం వెళ్ళాను.

"బాబూ, నువ్వు ఏ పేరు అడిగినావో, ఏ పేరు ఏసినాడో ఒక్కసారి తుడిసి సూసుకో. ఇదిగో గుడ్డ."

"ఓలమ్మ, పసుపు తుడవమంటావేటి? అపశకునం మనిసివి, లెగు!" అని కసురుకుని వెళ్ళిపోయాడు. రెండోవాడూ అంతే, పైగా నా మీద చెయ్యెత్తబోయాడు. లోపల యజమాని నవ్వుకుంటున్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది గానీ బకెట్టు దగ్గర నుంచి లేవలేదు. మూడో బండిలో ఒక కుర్రాడూ వాళ్ళమ్మా ఉన్నారు. వాడూ మొహం చిట్లించాడు. ఆ పెద్దావిడ మాత్రం అద్దం దించి నన్ను ఎగాదిగా చూసింది.

"తుడవరా" అంది కొడుకుతో. "పసుపు మల్లీ రాసుకుందుం. పేణం మల్లీ తెచ్చుకోగలమేటి?"

వాడు దిగి తుడిచాడు. చదివాడు. ఇంకో చక్రం తుడిచాడు. ఆ తర్వాత వాడు వేసిన కేకకి రోడ్డు మీద ఆటోలు ఆగిపోయాయి. జనం మూగారు. లోపల బిగిస్తున్న బండ్ల వాళ్ళందరూ గుడ్డ నాకియ్యి, నాకియ్యి అని నా మీద పడ్డారు. యజమాని తేలు కుట్టిన దొంగలా మూల నక్కాడు. కాసేపటికి మనిషిని పంపించి, "ఆ అమ్మని బండి లోపలికి తెమ్మనండి, బేగి" అన్నాడు. అప్పుడు లేవన్న ఆ కంపెనీ టైర్లు నాలుగూ ఇప్పుడు బయటికొచ్చాయి. నేను ఒక్కో చక్రం దగ్గరా నిలబడి, ఒక్కో టైరు పేరూ మరిదితో రెండేసిసార్లు చదివించి, బోల్టులు బిగించేదాకా కదల్లేదు. పసుపు పూయమంటారా అని అడిగాడు వాడు, అప్పటికీ సిగ్గులేకుండా. నీ పసుపు నీ మొహానికే పూసుకో అన్నాను.

బండి ముందు సీట్లో కూర్చుని ఊళ్ళోకి వస్తుంటే రాజ్యం గెలిచినట్టుగా ఉంది నాకు. మా ఆయన మిల్లు నుంచి రాగానే చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళాను. ఆయన గొంతుక్కూర్చుని వేలితో చదివాడు. నాలుగూ చదివాడు.

"పేరు సరిగ్గానే ఉన్నాది" అన్నాడు.

"మరింకేటి మావా! తాళం ఇదిగో. నా ఎదురుగుండానే బిగించినారు. నాను నిల్సోని సూసినాను."

"నువ్వు సూసింది పేరే కదే. ఆ పేరెట్టి లోపలేటి పోసినారో ఎవుడు సూసినాడు?"

కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్ని. కోపం లేదు. చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పి, తల మీద తవుడు కడుక్కోడానికి తొట్టి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను బానెట్టు మీద తల కొట్టుకుని ఏడ్చాను. ఆ షాపువాడు టైర్లు మార్చి ఇచ్చాడు. మిగతాది ఎవడిని అడగను? ఎక్కడ బకెట్టు పెట్టుకుని కూర్చోను?

ఇప్పుడు ఆ బండి మా మరిది తోలుతున్నాడు. మొన్న పొద్దున్న బడి వేళకి వాన. మరిది బండి మా గుమ్మం ముందు ఆపి, "వదినా, గుంటని బడికాడ దింపేసి ఎల్తాను" అన్నాడు. పాప సంచీ తగిలించుకుని గంతులేస్తూ పరిగెత్తింది. తలుపు మీద చెయ్యి వేసేలోపు మా ఆయన అరుగు మీద నుంచి చెప్పులు కూడా లేకుండా వానలోకి దూకి, దాని రెక్క పట్టుకున్నాడు.

"ఎక్కదు."

"మంచి టైర్లే కదన్నయ్యా..."

"ఎక్కదురా. నువ్వెల్లు."

పాప నా వైపు చూసింది. మరిది బండి తీశాడు. "నాన్నా, సెయ్యి నొప్పెడతన్నాది" అని పిల్ల ఏడుస్తున్నా, ఆ బండి వీధి చివర కనుమరుగయ్యేదాకా ఆయన వదల్లేదు.